రెప్లికా కార్ల రిజిస్ట్రేషను (కాలిఫోర్నియా)

పాతకాలపు ప్రసిద్ధ కారును పోలి ఉండేటట్లు కొత్తగా నిర్మించిన కారును రెప్లికా కారు లేదా ప్రతిరూప కారు అంటారు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని కాలిఫోర్నియాలో వ్యక్తులు సొంతంగా నిర్మించుకున్న ఇటువంటి కార్లను ఆ రాష్ట్ర మోటారు వాహనాల శాఖ 'ప్రత్యేక నిర్మిత వాహనం' అనే వర్గం క్రింద నమోదు చేస్తుంది. భారతదేశంలో రవాణా శాఖ కార్యాలయాలు చేసే రిజిస్ట్రేషను పనిని అక్కడ ఈ శాఖ చేస్తుంది.

== నేపథ్యం ==
ప్రతిరూపాలు ఎక్కువగా తయారైన కార్లలో షెల్బీ కోబ్రా ముఖ్యమైనది. ఇంగ్లండుకు చెందిన ఏసీ కార్స్ సంస్థ బాడీలో ఫోర్డు వీ8 ఇంజనును అమర్చి కారొల్ షెల్బీ 1962లో దీనిని రూపొందించాడు. 1960లలో తయారైన అసలు కార్లు సుమారు వెయ్యి మాత్రమే. అందువలన వాటి ధర సామాన్యులకు అందదు. విడిభాగాల కిట్ కొని ఇంటి వద్దనే బిగించుకొనే పద్ధతి ఈ కారణంగానే వ్యాపించినది.

== నిర్వచనం ==
లైసెన్సు పొందిన తయారీదారు కాక, ఒక వ్యక్తి అమ్మకానికి కాకుండా సొంత వాడకానికి నిర్మించుకున్నది ప్రత్యేక నిర్మిత వాహనం. దీనిని కిట్‌తో గాని, కొత్త లేదా పాత విడిభాగాలతో గాని నిర్మించవచ్చును. పాత కారును మరమ్మతు చేసి పూర్వరూపానికి తెచ్చినంత మాత్రాన అది ఈ వర్గంలోకి రాదు.

== నమోదు విధానం ==
* యజమాని దరఖాస్తుతో పాటు నిర్మాణ వివరాల ప్రకటనను, ఇంజను, చట్రం మొదలైన భాగాల కొనుగోలు రసీదులను సమర్పించి రుసుములు చెల్లించాలి. భాగాలు దొంగసొత్తు కాదనడానికి రసీదులే ఆధారం కనుక నిర్మాణం మొదలైన నాటి నుండి వాటిని భద్రపరచాలి.
* బ్రేకులు, దీపాలు సక్రమంగా ఉన్నట్లు ధ్రువపత్రం పొందాలి.
* స్మాగ్ రిఫరీ అనే అధికారిక పరీక్షకుని వద్ద పొగ కాలుష్య తనిఖీ చేయించాలి.
* కాలిఫోర్నియా హైవే పెట్రోల్ పోలీసులు వాహనాన్ని పరిశీలించి గుర్తింపు సంఖ్య గల నీలిరంగు ఫలకాన్ని బిగిస్తారు.

నమోదు పూర్తికాని కారును తనిఖీకి నడిపి తీసుకువెళ్ళడానికి ఒక్క రోజు చెల్లే అనుమతి పత్రం లభిస్తుంది.

== కాలుష్య నియమాలు ==
1965 నాటి రూపం గల కారును ఈనాడు నిర్మిస్తే దానికి ఏ కాలపు పొగ నియమాలు వర్తించాలన్నది ఇందులో ప్రధానమైన చిక్కు. 2001లో ఆమోదం పొందిన సెనేట్ బిల్లు 100 దీనికి ఒక మార్గం చూపినది. దీని ప్రకారం ఏటా మొదటి 500 వాహనాలకు, కారు పోలి ఉన్న నమూనా సంవత్సరాన్ని గాని, ఇంజను పోలి ఉన్న సంవత్సరాన్ని గాని యజమాని ఎంచుకోవచ్చును. దేనినీ పోలకపోతే 1960గా పరిగణిస్తారు. ఈ సంఖ్య పరిమితమైనందున తొలి సంవత్సరాలలో జనవరి మొదటి పనిదినాన కార్యాలయాల ముందు దరఖాస్తుదారులు బారులు తీరేవారు. ఈ వరుస సంఖ్య దొరకని వాహనానికి పాత నమూనా వెసులుబాటు ఉండదు.

== తప్పుడు నమోదు ==
పన్ను తగ్గించుకోవడానికి, పొగ తనిఖీని తప్పించుకోవడానికి కొందరు కొత్త ప్రతిరూపాన్ని '1965 ఫోర్డు' వలె పాత కారు పేరిట నమోదు చేయించారు. దరఖాస్తుపై సంతకం అబద్ధమైతే శిక్షార్హమనే ప్రమాణంతో చేసేది కనుక ఇది నేరమవుతుంది. తెలియక అటువంటి కారు కొన్నవారు కూడా రిజిస్ట్రేషను కోల్పోయే ప్రమాదం కలదు. కొనుగోలుదారు పత్రంలోని గుర్తింపు సంఖ్యను, తయారీ సంవత్సరాన్ని వాహనంతో సరిచూసుకోవడం అవసరం. సక్రమంగా నమోదైన కారు పత్రంలో తయారీదారు పేరుకు బదులు ప్రత్యేక నిర్మిత వాహనమనే సంకేతం ఉంటుంది.

== కంపెనీలు తయారుచేసే ప్రతిరూపాలు ==
పూర్తిగా తయారైన ప్రతిరూపాలను అమ్మే చిన్న సంస్థల కొరకు 2015లో కేంద్ర చట్టం వచ్చినది. దీని అమలు నియమాలు 2022లో వెలువడినవి. కనీసం 25 సంవత్సరాల నాటి కారును పోలినవాటిని ఒక్కొక్క సంస్థ ఏటా 325 వరకు తయారు చేయవచ్చును. వీటి ఇంజనులు మాత్రం ప్రస్తుత కాలుష్య ప్రమాణాలకు లోబడి ఉండాలి.