మానవునికి దైవ మేల కావలసివచ్చెను?



కులసభల వార్షికసంచికలలో మూలపురుషుని ఏ దేవత ముఖమునుండియో, ఏ యజ్ఞగుండమునుండియో పుట్టించుట చిరకాలముగా వచ్చుచున్న పరిపాటి. అట్టి కథలయందు మాకు అగౌరవము లేదు. కాని వానికంటె ముందుగా నడుగదగిన ప్రశ్న యొకటి కలదు. మన పూర్వులు తమ పుట్టుకను దేవునితో ముడివెట్టుకొనవలె నన్న, అంతకుముందే వారికి దేవు డుండవలయును గదా! ఆ దేవుడు మానవున కేల కావలసివచ్చెను? దీనికి సమాధానమును దూరదేశముల గ్రంథములలో వెదకుటకు ముందు, కర్నూలు కడప సీమల రాళ్లను, జాతరలను అడిగి చూతము.

భయమే దైవమునకు తల్లి యని పలువురు పండితులు చెప్పిరి. మెట్టసీమలో పుట్టినవానికి ఈ మాట వేఱుగ బోధింప నక్కఱలేదు. 1876లో వానలు తప్పి 1878 వఱకు సాగిన ధాత కరవున మన రెండు జిల్లాలును, బళ్లారియు చెప్పరాని బాధ పడెను. 1871 జనాభా లెక్కకును 1881 లెక్కకును నడుమ కర్నూలు జిల్లా జనసంఖ్య సుమారు నాలుగవవంతు తగ్గినది. అట్టి నేలపై మేఘము కొఱకు ఎదురుచూచువాడు ఆకసమున నెవరో వినువా డుండవలెనని తలంచుట వింతగాదు. కప్పను రోకలికి గట్టి యింటింట నీళ్లు పోయించుటయు, విరాటపర్వము చదివించుటయు నీ యాశనుండి పుట్టినవే.

మశూచికము సంగతియు నట్టిదే. ఆ వ్యాధిని పేరుపెట్టి పిలుచుటకుగూడ జడిసి, అమ్మవారు పోసిన దని మన తల్లులు చెప్పుకొనెడివారు. భయమే మూలకారణ మైనచో, భయము తొలగిన పిమ్మట దేవతయు తొలగవలయును. మన దేశమున ఆ వ్యాధి 1975తో నంతరించినది. 1980లో ప్రపంచారోగ్యసంస్థ లోకమంతటను అది లేదని ప్రకటించినది. కాని మన గ్రామములలో అమ్మవారి జాతరలు నిలువలేదు. కాన్పులకును కొలువులకును దూరపట్టణములకు వెళ్లిన బిడ్డలు సైతము ఆ దినమునకు ఊరు చేరుచున్నారు. కావున భయవాదము సగము మాత్రమే సత్యమని మా యభిప్రాయము.

మిగిలిన సగమునకు సాక్ష్యము పత్తికొండ ప్రాంతమున, జొన్నగిరి చెంత ఎఱ్ఱగుడి బండలపై నున్నది. క్రీస్తుపూర్వము మూడవ శతాబ్దమున అశోకచక్రవర్తి చెక్కించిన పదునాలుగు ధర్మలిపులును, చిన్న శాసనములును అచ్చట గలవు. వానిలో తొమ్మిదవది మన ప్రశ్నకు మిక్కిలి దగ్గఱగా వచ్చును. రోగము వచ్చినపుడును, పెండ్లిండ్లయందును, బిడ్డలు పుట్టినపుడును, ప్రయాణములకు బయలుదేరునపుడును జనులు నానావిధ మంగళకార్యములు చేయుచున్నారనియు, అందును స్త్రీలు అల్పములైనవానిని పెక్కు చేయుదురనియు, వాని ఫలము స్వల్పమనియు రాజు చెప్పుచున్నాడు. చేయవలదని మాత్రము చెప్పడు. దాసులయందును సేవకులయందును తగిన నడత, గురువులయెడ గౌరవము, ప్రాణులయెడ నిగ్రహము, బ్రాహ్మణశ్రమణులకు దానము: ఇవియే గొప్ప మంగళము లనుచున్నాడు.

ఆ స్త్రీలను గూర్చిన మాట చక్రవర్తి యన్నదైనను మాకు రుచింపలేదు. ఆయన యల్పమన్న యాచారములే యిరువదిరెండు శతాబ్దములకు పైగా మన యిండ్లలో నిలిచియున్నవి. శాసనమో, చదువువారు లేక నడిమికాలమున మూగవోయినది. అది యట్లుండనిండు. ఆయన యెంచిన నాలుగు సందర్భములను మరల చూడుడు. రోగమును ప్రయాణమును భయహేతువు లనుకొన్నను, పెండ్లియు బిడ్డపుట్టుటయు సంతోషములు గదా! వీనియన్నిటికి సమానమైన దొక్కటే: ఆ ఘడియలో మానవుడు ఒంటరిగా నుండజాలడు, నలుగురు కూడవలయును. ఫ్రెంచి పండితుడగు డర్క్‌హైము 1912లో ప్రకటించిన గ్రంథమున, ఆస్ట్రేలియా ఆదిమజాతుల యాచారములను విచారించి, సంఘము కూడునపుడు కలుగు నుత్సాహమే దైవభావమునకు మూల మని వాదించెను. ఎఱ్ఱగుడి బండ ఆయనకు లభించియుండిన నెంత యుపయోగపడెడిదో!

కూడుట యనగా మనవారితో కూడుట మాత్రమే కాదు. పరాయివానిని చుట్టముగా జేసికొనుటయు దైవమువలననే సాధ్యమైనది. 2022నుండి నంద్యాల జిల్లాలో చేరిన అహోబిలమును చూడుడు. నల్లమల చెంచులు వేటతోను, తేనెతోను, దుంపలతోను బ్రదికినవారు. నరసింహస్వామియో వేదమంత్రములతో పూజలందు దేవుడు. ఈ రెండు లోకములకు సంధి కుదిర్చినది పెండ్లి. స్వామి చెంచులక్ష్మిని వరించెను. నాటినుండి చెంచుల కాయన అల్లుడు. ఏటేట కనుమనాడు పారువేట వెడలిన స్వామి పల్లకి దాదాపు నలువది దినములు ముప్పదికి మించిన గ్రామములు దిరిగి, తన కల్యాణమునకు రండని జనులను పిలుచును. భక్తుడు దేవుని గుడికి వెళ్లుట యెల్లెడల నున్నది. దేవుడే గడపగడపకు వచ్చి చుట్టఱికము కలుపుకొనుట మన సీమ విశేషము.

దేవునికడపలోను ఇట్లే. వేంకటేశ్వరుడు బీబీ నాంచారిని పెండ్లాడె నను కథను బట్టి, ఉగాదినాడు ముస్లిములు ఆ యాలయమునకు వచ్చి స్వామిని తమ యింటి యల్లునిగా దర్శింతురు. చరిత్రకారుడు ఈ పెండ్లికి శాసనాధార మడుగవచ్చును. మేము మాత్రము, కథ నిజమా యని కాక, ఆ కథ యెవరికి కావలసివచ్చెనని యడుగుదుము. ఒకే యూరిలో బ్రదుకవలసిన రెండు జనములకు కావలసివచ్చెను.

ఇంతవఱకు చెప్పినది వినుట కింపుగా నున్నది. ఇక కానిదియు చెప్పవలయును. చుట్టఱికము గీయు గీటుకు లోపలివైపున్నట్లే వెలివైపును గలదు. కడప సీమ కందిమల్లాయపల్లెలో స్థిరపడిన పోతులూరి వీరబ్రహ్మము, దూదేకుల సిద్దయ్యను శిష్యునిగా గ్రహించి ఆ గీటును దాటెను. అందఱు దాటలేదు. జాతరలో అమ్మవారి ముందు డప్పు గొట్టిన చేతులకు, మద్రాసు రాజ్యమున 1947వ సంవత్సరపు దేవాలయప్రవేశ చట్టము వచ్చునంతవఱకు, పెద్ద గుడుల గడప తాకు హక్కు చట్టమున లేకుండెను. చట్టము వచ్చినపుడు మన యూళ్లలో తలుపు తెఱచిన వారెవరో, అడ్డుగ నిలిచిన వారెవరో, వారిలో మన తాతలు ఏ ప్రక్క నుండిరో మా కీ సంచికలలో నెన్నడును కనబడలేదు. ఎఱిగిన వృద్ధులు నేటికిని గ్రామముల నక్కడక్కడ మిగిలియున్నారు. వారి మాట వ్రాసి పంపువారికి మేము కృతజ్ఞుల మగుదుము. పేరు చెప్పుటకు సందేహించువారు ఊరి పేరు మాత్రమే వ్రాసినను చాలును.