న్యూయార్కులో చెత్త గుత్తలు

న్యూయార్కు నగరములో ఇండ్ల చెత్తను పురపాలక శాఖవారే తీసికొనిపోవుదురు. అంగళ్ళ, హోటళ్ళ చెత్తను మాత్రము 1950ల మధ్యకాలములో వారు వదలుకొనిరి. ఆ పని ప్రైవేటు లారీలవారి పాలైనది. నగరము గరిష్ఠధరను నిర్ణయించినది. కాని లారీలవారు లోలోపల అంగళ్ళను పంచుకొనిరి. ఒక అంగడి ఒకని సొత్తు; దానిని మరియొకడు ముట్టినచో నష్టపరిహారము చెల్లింపవలసినదే. పోటీ లేనందున గరిష్ఠధరయే అసలు ధరయై కూర్చున్నది. పైగా లెక్క ఘనగజములలో. వదులుగా నున్న చెత్తకును, అదిమిన చెత్తకును ఘనపరిమాణము ఒకటి కాదు గదా! తీసికొన్నదానికంటె ఎక్కువ గజములకు బిల్లు వేయుట సులభమైనది.

1993లో, బయటినుండి పోటీకి వచ్చిన ఒక పెద్ద కంపెనీ అధికారి ఇంటివద్ద తెగిన కుక్కతల కనబడినది. 1995లో 17 మందిపై, 23 కంపెనీలపై, 4 వర్తక సంఘములపై నేరారోపణ జరిగినది, పలువురు శిక్షింపబడిరి. 1996 నాటి నగర శాసనము లైసెన్సును, లారీ యజమానుల పూర్వచరిత్ర విచారణను నిర్బంధము చేసి, 2 సంవత్సరములకు మించిన ఒప్పందములను నిషేధించినది. అంతట అంగళ్ళవారు గరిష్ఠధరకంటె తక్కువకే బేరము కుదుర్చుకొనగలిగిరి.

అయితే పోటీ హెచ్చి, ఒకే వీధికి రాత్రివేళ అనేక కంపెనీల లారీలు రాసాగినవి. అందుచే 2019 శాసనము నగరమును 20 మండలములుగా విభజించి, ఒక్కొక్కదానిలో ముగ్గురు గుత్తేదారులకు మించరాదనినది. పూర్వము లారీలవారు రహస్యముగా చేసిన పంపకమును ఇప్పుడు నగరమే చేయుచున్నది! కాని ఈ ఎంపిక బహిరంగము. ధరల హద్దు ఒప్పందములోనే యుండును. మొదటి మండలమైన క్వీన్స్ మధ్యభాగములో ఈ పద్ధతి 2025 జనవరిలో పూర్తిగా అమలులోనికి వచ్చినది.