డిలీట్ కొడితే పోయినట్టేనా?

అల్లూరులో మీ పాత కంప్యూటర్‌ని బడికి ఇచ్చేద్దామనుకుంటున్నారా? మంచి పనే. కానీ ముందు ఈ కథ వినండి.

2000–2002 మధ్య అమెరికాలో ఎంఐటీ విద్యార్థులు సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్ 158 పాత హార్డ్ డిస్కులు సేకరించారు. పనిచేసినవి 129. వాటిలో సరిగ్గా తుడిచినవి 12 మాత్రమే! కొన్నింట్లో క్రెడిట్ కార్డు నంబర్లు, వైద్య వివరాలు కూడా దొరికాయి.

ఎందుకలా? డిలీట్ కొడితే పోయేది పుస్తకంలో విషయసూచికే. పాఠాలు అలాగే ఉంటాయి. వాటి మీద వేరే డేటా రాస్తేనే చెరుగుతాయి. 1996లో పీటర్ గుట్‌మన్ 35 సార్లు రాసే పద్ధతి చెప్పారు. 2006లో అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్, కొత్త హార్డ్ డిస్కులకు ఒక్కసారి చాలంది.

విండోస్‌లో రీసెట్ చేసేటప్పుడు 'రిమూవ్ ఎవ్రీథింగ్' నొక్కి, 'క్లీన్ డేటా' ఆన్ చేయండి. కంప్యూటర్ దానం చేయండి, నాన్న ఆధార్ కాపీని కాదు!