పానా పట్టిన చేతులు, పదో తరగతి కాగితం

సింగరేణి చరిత్ర రాసేవాళ్లు 1871లో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు కనుగొన్న దగ్గర మొదలుపెడతారు. 1920లో కంపెనీ ఏర్పడటం, 1945లో నిజాం సర్కారు దాన్ని కొనడం, తర్వాత గోదావరిఖని పుట్టడం వరుసగా చెప్తారు. యంత్రాలు బాగుచేసే పనిని ఎవరు, ఎక్కడ, ఏ భాషలో నేర్చుకున్నారో మాత్రం చెప్పరు. మేం అడిగేది అదే.

1932లో నిజాం స్టేట్ రైల్వే 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖ ప్రారంభించింది. అప్పుడు రాజభాష ఉర్దూ. అది కార్ఖానాలోకీ దిగింది. ఉస్తాద్, షాగిర్ద్, పానా, మరమ్మతు - తెలంగాణలో ఏ కులంవాడైనా, ఏ మతంవాడైనా మోటారు పని ఈ మాటలతోనే నేర్చుకున్నాడు. గనిలోని హాజరు, బదిలీ, సర్దార్ కూడా ఉర్దూ నుంచి వచ్చినవే. మమ్మల్ని పరాయివాళ్లనే నోళ్లలోనూ మా మాటలున్నాయి.

ఉస్తాద్ దగ్గర చదువుకు పలక లేదు. షాగిర్ద్ మొదట విడిభాగాలు కడుగుతాడు. తర్వాత పానాల నంబర్లు నేర్చుకుంటాడు. చివరికి పొగను చదువుతాడు. నల్లపొగ వస్తే గాలి చాలక డీజిల్ సరిగా కాలడం లేదు. నీలిపొగ వస్తే ఇంజనాయిల్ కాలుతోంది. ఇంజన్ వేడెక్కినా తెల్లపొగ ఆగకపోతే కాలని డీజిలో, లోపలికి దిగిన నీళ్లో కారణం. సంతకం రాని ఉస్తాద్ కూడా ఇది చెప్పగలడు.

1975లో రామగుండంలో సింగరేణి తొలి ఓపెన్‌కాస్టు గని వచ్చింది. తట్టా చెమ్మస్‌ల చోట డంపర్లు, డోజర్లు నిలబడ్డాయి. లారీ షెడ్డులో చూసిన ఇంజనే అక్కడ ఎన్నో రెట్లు పెద్దదయింది. అయితే ఆ కొలువుకు దారి వేరు: పదో తరగతి, ఐటీఐలో డీజిల్ మెకానిక్ కోర్సు, 1961 చట్టం కింద అప్రెంటిస్‌షిప్. ఇందులో అన్యాయం లేదు. అంత పెద్ద బండికి కొలతలు, హైడ్రాలిక్ పటాలు చదవడం రావాలి. అన్యాయమల్లా పదో తరగతికి ముందే జరిగింది.

ముస్లిం కార్మికుల్లో స్వయం ఉపాధి ఎక్కువ, నెల జీతపు కొలువులు తక్కువ అని 2006లో సచార్ కమిటీ చెప్పింది. 'పంక్చర్లు వేసుకునేవాళ్లు' అని ఎగతాళి చేసేవాళ్లు ఈ మాట చదవరు. మెకానిక్ పని మా రక్తంలో లేదు. బడి ఫీజు కట్టలేని ఇంటి పిల్లగాడికి తెరిచి ఉన్న తలుపు షెడ్డు ఒక్కటే. 'హునర్ ఉంటే చాలు' అన్న మాట మా సంస్కృతి కాదు, మా పేదరికం.

2007లో బీసీ-ఇ కింద నాలుగు శాతం రిజర్వేషన్ వచ్చింది. ఐటీఐలో సీటుంది. దాన్ని అందుకోవాల్సిన పిల్లగాడు పదో తరగతి దాకా రావాలి. అనుభవాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతిని 2015లో కేంద్ర నైపుణ్య పథకంలో పెట్టారు. ఉస్తాద్‌కు ఆ పరీక్ష అర్థమయ్యే భాషలో జరగాలి. పిల్లగాడికి బడీ కావాలి, ఉస్తాద్ నేర్పిన పనీ కావాలి. ఒకటి ఇచ్చి రెండోది లాక్కుంటే మేం ఒప్పుకోం.