పత్రము వెనుక లెక్క

తీసికొన్న అప్పు తీర్చవలసినదే. అందు వివాదము లేదు. కాని ఎంత తీర్చవలెనో నిర్ణయింపవలసినది సంతకము చేసిన పత్రమా, జరిగిన లావాదేవీల లెక్కయా? ఈ ప్రశ్నకు మన దేశమున సమాధానము లభించిన విధమును మేము ఇచట మనవి చేయుదుము.

1875వ సంవత్సరము మే 12వ తేదీన, పూనా జిల్లాలోని సూపా గ్రామమున రైతులు గుంపుగా సాహుకారుల ఇండ్లపై పడిరి. త్వరలోనే ఆ అలజడి అహ్మదునగరు జిల్లాకును ప్రాకెను. రైతులు ముఖ్యముగా వెదకినవి అప్పుపత్రములు, డిక్రీలు. చేతికి చిక్కినవానిని కాల్చివేసిరి.

కాగితముపై అంత కసి ఏల? 1859వ సంవత్సరపు కాలపరిమితి చట్టము ప్రకారము, రిజిస్టరు కాని అప్పుపత్రముపై మూడేండ్లలోపల దావా వేయవలెను. రైతును కాపాడవలసిన ఆ గడువే అతనికి ఉరియైనది. గడువు సమీపింపగనే సాహుకారు అసలును వడ్డీని కలిపి క్రొత్త పత్రము వ్రాయించుకొనును. నూరు రూపాయలకు ఏటికి రూ. 25 చొప్పున వడ్డీ యనుకొందము. మూడేండ్లకు రూ. 175 అగును. ఆ మొత్తమునే అసలుగా వ్రాసినచో మరి మూడేండ్లకు రూ. 306 దాటును. రైతు చేతికి క్రొత్తగా దమ్మిడీయైనను రాలేదు! చదువురాని రైతు నిశాని పెట్టెను; న్యాయస్థానము ఆ నిశానినే చూచెను.

ప్రభుత్వము విచారణ సంఘమును నియమించెను. తుదకు 1879లో దక్కను వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము వచ్చెను. న్యాయాధికారి పత్రముతో తృప్తిపడక, లావాదేవీలను మొదటినుండి విచారింపవలెనని అది శాసించెను. లెక్క చూపుమని రైతే దావా వేయవచ్చును. చెల్లించిన సొమ్మునకు రసీదు కోరవచ్చును. బాకీ డిక్రీకై రైతును చెఱసాలకు పంపరాదు.

తెలుగు జిల్లాలు కొన్ని నాడు మద్రాసు రాష్ట్రమున ఉండెను. అచట రాజగోపాలాచారిగారి మంత్రివర్గము 1938లో తెచ్చిన ఋణవిమోచన చట్టము మఱియొక యడుగు ముందుకు వేసెను. 1932 అక్టోబరు 1వ తేదీకి ముందటి అప్పులలో, అసలునకు రెండింతలు అదివరకే చెల్లించిన రైతు ఋణవిముక్తుడయ్యెను. వెలువడిన డిక్రీలను సైతము సవరింపుమని కోరు హక్కు అతనికి లభించెను.

అప్పు ఎగవేయుమని ఈ చట్టములు బోధింపలేదు. బాకీ అడుగువాడు లెక్క చూపవలెనని మాత్రమే చెప్పినవి. వసూలునకు వచ్చినవారు ఎంత గద్దించినను, అసలెంత, వడ్డీయెంత, చెల్లినదెంత యని నెమ్మదిగా అడుగుటకు మన పెద్దలు ఎంత మూల్యము చెల్లించిరో శ్రోతలు గుర్తింతురుగాక.