మహమ్మారి కాలంలో ఒప్పందాలు – అసంఘటిత కార్మికుల వేతన రక్షణ

కోవిడ్-19 వ్యాప్తి నివారణకు తెలంగాణ ప్రభుత్వం 2020 మార్చి 22న లాక్‌డౌన్ ప్రకటించింది. మార్చి 25 నుండి అది దేశమంతటా అమలులోకి వచ్చింది. హైదరాబాద్ తూర్పు ప్రాంతమైన సైదాబాద్, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌లలో నిర్మాణ పనులు, దుకాణాలు, కోచింగ్ కేంద్రాలు మూతపడ్డాయి. అడ్డా కూలీలు, ఇళ్లలో పనిచేసేవారు, హాస్టళ్ల వంటవారు, తోపుడు బండ్ల వ్యాపారులు జీవనోపాధి కోల్పోయారు. ఇటువంటి పనులలో వ్రాతపూర్వక ఒప్పందం అరుదు.

కాంట్రాక్టులకు వెసులుబాటు: కరోనాను ప్రకృతి వైపరీత్యంగా పరిగణించి, 'ఫోర్స్ మేజర్' అనబడే అనివార్య పరిస్థితుల నిబంధనను వర్తింపజేయవచ్చునని కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ 2020 ఫిబ్రవరి 19న తెలిపింది. మే 13న కాంట్రాక్టుల గడువును 3 నుండి 6 నెలల వరకు పొడిగించుటకు వీలు కల్పించింది. అయితే గడువు పొడిగింపు వలన, అప్పటికే చేసిన పనికి రావలసిన కూలి రద్దు కాదు. అమలు అసాధ్యమైన ఒప్పందం 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 56వ సెక్షన్ ప్రకారం చెల్లకుండా పోయినను, పొందిన లబ్ధికి పరిహారం చెల్లించాలని 65వ సెక్షన్ నిర్దేశిస్తున్నది.

వేతనాలు: లాక్‌డౌన్ కాలానికి కోత లేకుండా వేతనాలు చెల్లించాలని కేంద్ర హోం శాఖ మార్చి 29న ఆదేశించింది. ఆ ఆదేశం మే 18 నుండి అమలులో లేదు. సుప్రీంకోర్టు జూన్ 12న ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వులలో, 50 రోజుల వేతనాలపై యాజమాన్యాలు, కార్మికులు చర్చించుకోవచ్చునని, పరిష్కారం కాని పక్షంలో కార్మిక శాఖను ఆశ్రయించవచ్చునని పేర్కొన్నది. మస్టరు రోలులో పేరున్న కార్మికునికి ఈ అవకాశం లభించింది. రోజుకొక యజమాని వద్ద పనిచేసే అడ్డా కూలీకి చర్చించుటకు ఎదుటి పక్షమే లేదు.

సహాయ చర్యలు: రాష్ట్ర ప్రభుత్వం ఆహార భద్రత కార్డుదారులకు మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి రూ.1,500, వలస కార్మికులకు మనిషికి 12 కిలోల బియ్యం లేదా గోధుమ పిండి, రూ.500 చొప్పున ప్రకటించింది. దేశంలో తొలి శ్రామిక్ ప్రత్యేక రైలు మే 1న సుమారు 1,200 మందితో లింగంపల్లి నుండి జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది.

ప్రస్తుత స్థితి: కాంట్రాక్టరు వేతనం చెల్లించనిచో ప్రధాన యజమాని చెల్లించాలన్న 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టంలోని బాధ్యత, 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక స్మృతులలోనూ కొనసాగుతున్నది. అసంఘటిత కార్మికుల నమోదుకు ఈ-శ్రమ్ పోర్టల్ 2021 ఆగస్టు 26న ప్రారంభమైనది. ఈ-శ్రమ్ నమోదు కార్మికుని గుర్తింపునకు ఉపకరించును గాని, ఫలానా యజమాని వద్ద పనిచేసినట్లు రుజువు కాదు. కూలి రేటు, పనిదినాలు తెలిపే హాజరు చీటీ ఉన్నచో, కార్మిక శాఖ ముందు బకాయిని నిరూపించుట సులభమగును.