ఇంటి డే కేర్‌లలో పిల్లల సంఖ్యపై నియంత్రణ: హోసూరు, కృష్ణగిరి

తల్లిదండ్రులు పనికి పోయే వేళ వాళ్ల పిల్లలను డబ్బు తీసుకుని తన ఇంట్లో చూసుకునే మనిషి ఒకేసారి ఎంతమందిని చేర్చుకోవచ్చో చెప్పే నియమాలివి. భారతదేశంలో ఇలాంటి ఇళ్లకు లైసెన్సు ఇచ్చి, పిల్లల సంఖ్యకు హద్దు పెట్టే జాతీయ చట్టం లేదు. తెలుగువారు ఎక్కువగా ఉండే తమిళనాడు సరిహద్దు జిల్లా కృష్ణగిరిలో, ముఖ్యంగా హోసూరులో, ఈ లోటు బాగా తెలుస్తుంది.

సిప్‌కాట్ పారిశ్రామికవాడ, అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్, ఇటీవల టాటా ఎలక్ట్రానిక్స్ హోసూరు చుట్టుపక్కలకు ఎక్కడెక్కడి కుటుంబాలనో రప్పించాయి. సొంతూరు వదిలి ఒక గది అద్దెకు తీసుకున్న జంటకు పిల్లను పట్టుకునే అవ్వ దగ్గరుండదు. అంగన్‌వాడీ సాయంత్రానికి ముందే మూసేస్తారు. మిగిలేది వీధిలో తెలిసినావిడ ఇల్లే.

చట్టం చూపు మాత్రం ఇళ్ల మీద కన్నా ఫ్యాక్టరీల మీదే నిలిచింది. 1948 కర్మాగారాల చట్టం 50 మందికి, 1976 సవరణ తర్వాత 30 మందికి మించి ఆడవాళ్లు పనిచేసేచోట ఆరేళ్లలోపు పిల్లలకు శిశు సంరక్షణ గది ఉండాలంది. 2017 ప్రసూతి ప్రయోజన సవరణ 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలన్నిటికీ ఆ బాధ్యత పెట్టి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకునే వీలిచ్చింది. 2018 కేంద్ర మార్గదర్శకాలు ఆ గదుల్లో మూడేళ్లలోపు పిల్లలు 10 మందికి ఒక సంరక్షకురాలు, ఆ పైవాళ్లు 20 మందికి ఒకరు ఉండాలన్నాయి. 2022 వరకు నడిచిన జాతీయ క్రెష్ (శిశు సంరక్షణ కేంద్రాల) పథకంలో 25 మందికి ఒక కార్యకర్త, ఒక సహాయకురాలు ఉండేవారు. రోజుకు ఏడున్నర గంటలు తెరిచి ఉంచేవారు. ఎనిమిది గంటల షిఫ్టుకు, పైగా బస్సు ప్రయాణానికి, అది చాలేది కాదు.

ప్లే స్కూళ్లకు తమిళనాడు 2015లో నియమావళి తెచ్చింది. 2004 జులై 16న కుంభకోణం బడిలో మంటలు 94 మంది పిల్లలను పొట్టన పెట్టుకున్న తర్వాత, పిల్లలుండే భవనాల భద్రతను తేలిగ్గా తీసుకునే వీల్లేకపోయింది. ఇంటి డే కేర్‌లో లెక్కకు మూలం కూడా అదే: గ్యాస్ పొయ్యి అంటుకుంటే ఒక మనిషి రెండు చంకల్లో ఇద్దరిని ఎత్తుకోగలదు, నడిచేవాళ్లను ముందు తోలగలదు. నడక రాని మూడో బిడ్డ లోపలే ఉండిపోతుంది. అందుకే మొత్తం సంఖ్య ఒక్కటీ చాలదు, వయసును బట్టి హద్దు కావాలి.

ఇంగ్లండు సరిగ్గా అలాగే లెక్కిస్తుంది. మామూలుగా ఒక చైల్డ్‌మైండర్ దగ్గర ఎనిమిదేళ్లలోపు పిల్లలు ఆరుగురికి మించకూడదు. అందులో ఐదేళ్లలోపువాళ్లు ముగ్గురు, ఏడాది నిండనిది ఒక్కటే. ఆమె సొంత పిల్లలూ ఆ లెక్కలోకే వస్తారు. కాలిఫోర్నియాలో చిన్న ఇంటి డే కేర్‌కు గరిష్ఠం 8 మంది, సహాయకురాలున్న పెద్దదానికి 14.

ఈ అంకెలను హోసూరుకు ఉన్నవున్నట్టు దించితే ఇబ్బందే. హద్దు మరీ బిగిస్తే నెలకు ఇచ్చే డబ్బు పెరిగి, తక్కువ జీతాల తల్లులు లెక్కల్లోకి రాని ఇళ్లను వెతుక్కుంటారు. కార్పొరేషన్‌లో సులువైన నమోదు, ఆ నమోదుకు తోడు కొంత ఆర్థిక సాయం ఉంటేనే హద్దు నిలుస్తుంది. లెక్క తీయాల్సిన వేళ కూడా ముఖ్యం. షిఫ్టు మారేటప్పుడు మొదటి షిఫ్టు తల్లులు ఇంకా దారిలో ఉండగానే రెండో షిఫ్టువాళ్లు పిల్లలను దించి వెళతారు. ఆ కాసేపు ఇంట్లో పిల్లలు రెట్టింపవుతారు. తనిఖీ జరగాల్సింది అప్పుడే.